కొళాయి తిప్పి చూసిన యూరప్

(రాజమహేంద్రవరంలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవంలో ప్రజారోగ్య శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అధ్యక్షుల వారికీ, పెద్దలకీ, వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటున్న కాలేజీ పిల్లలకీ నమస్కారం.

సెక్రటరీ గారు నన్ను యూరప్ విశేషాలు చెప్పమన్నారు. ఐఫిల్ టవర్ ముందు ఫోటో దిగినవాళ్ళు ఇప్పుడు ఒక్క దానవాయిపేటలోనే వీధికి నలుగురున్నారు. స్విట్జర్లాండు మంచు మీ అందరి వాట్సాప్‌లోనూ ఉంది. కాబట్టి వాటి జోలికి పోను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా బతుకంతా మంచినీళ్ళ పైపులతోనూ మురుగు కాలువలతోనూ గడిచింది. కొత్త ఊరు వెళ్తే మా ఆవిడ తలెత్తి గోపురం చూస్తుంది, నేను తల దించి మ్యాన్‌హోల్ మూత చూస్తాను. (నవ్వులు) అమ్మాయీ అల్లుడూ నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌ని ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్వీన్‌లో ఉంటారు. అక్కడ మకాం పెట్టి వియన్నా, పారిస్, రోమ్, జర్మనీలో కొన్ని ఊళ్ళు తిరిగాం.

అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మనవాళ్ళు తప్పకుండా అనే మాట ఒకటుంది. "శుభ్రత వాళ్ళ రక్తంలోనే ఉందండీ, మనకెక్కడ వస్తుంది?" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రక్తంలో ఏమీ లేదు. పైపులో ఉంది, పన్నులో ఉంది, జరిమానాలో ఉంది. వాటిలో ప్రతిదానికీ ఒక తేదీ ఉంది, ఆ తేదీకి ముందు బోలెడంత కంపూ, చావులూ, కొట్లాటలూ ఉన్నాయి.

లండన్ సంగతే చూడండి. నేను వెళ్ళలేదు, దానికి వీసా వేరే. 1858 వేసవిలో థేమ్స్ నది ఎంత కంపు కొట్టిందంటే, పార్లమెంటు కిటికీ తెరల్ని బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో ముంచి వేలాడదీశారు. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళలో కలరా మూడుసార్లు వచ్చి వేల మందిని ఊడ్చుకుపోయింది. కంపు పేదల పేటల్లో ఉన్నన్నాళ్ళూ ఫైలు కదల్లేదు. అది సభ్యుల ముక్కుకి తగిలిన వేసవిలోనే చట్టం చేసి, బాజల్జెట్ అనే ఇంజనీరుకి డబ్బిచ్చి, ఊరి కింద మురుగు సొరంగాలు కట్టుకోమన్నారు. మా డిపార్టుమెంటు వాళ్ళకి ఈ కథ చెప్తే అందరికీ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. (నవ్వులు)

ఇక నేను చూసినవి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్. అది సముద్ర మట్టానికి సుమారు 4 మీటర్లు దిగువన ఉంది. మన విమానం చక్రాలు ఆనే ఆ నేల ఒకప్పుడు హార్లెమర్‌మీర్ అనే మహా సరస్సుకి అడుగు. గాలివాన వచ్చినప్పుడల్లా ఆ సరస్సు ఒడ్లు కోసుకుంటూ పెరిగేది. 1836లో ఒక తుఫానుకి ఆమ్‌స్టర్‌డామ్ వాకిలి దాకా, ఇంకో తుఫానుకి లైడెన్ దాకా నీళ్ళొచ్చాయి. ఇక లాభం లేదని చుట్టూ కాలువ తవ్వి, గట్టు పోసి, మూడు చోట్ల ఆవిరి పంపులు బిగించి, మూడేళ్ళ పైన తోడి తోడి 1852లో అడుగు తేల్చారు. 1852 అంటే ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాది. అక్కడ నీళ్ళు తీసి నేల తెచ్చుకున్నారు, ఇక్కడ నేల మీదికి నీళ్ళు తెచ్చారు. ఆ మూడు పంపుహౌసుల్లో ఒకటి, క్రూకియస్ అని, ఇప్పుడు మ్యూజియం. గుండ్రటి కోట బురుజులాంటి కట్టడం. దాని గోడల్లోంచి ఎనిమిది ఇనప దూలాలు చుట్టూ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. లోపల ఉన్నది ఒకే ఒక్క ఆవిరి యంత్రం, దాని పెద్ద సిలిండరు వ్యాసం 144 అంగుళాలు. అంటే అందులో నిలబడి నేను చేతులు బార్లా చాపినా రెండు వైపులా గోడ అందదు. మా అల్లుడు వాచీ చూసుకుంటున్నాడు గానీ నేను కదిలితే కదా.

సరస్సు ఎండింది, పని అయిపోయింది అనుకుంటారేమో. పంపులు ఆపితే నీళ్ళు మళ్ళీ వచ్చేస్తాయి. అందుకని ఇవాళ్టికీ రాత్రింబవళ్ళు తోడుతూనే ఉంటారు. ఆ పని చూడ్డానికి నీటి బోర్డులున్నాయి, దేశమంతటికీ 21. వీటిలో పాతవి 13వ శతాబ్దం నాటివి. రాజు వచ్చాడు, పోయాడు, నెపోలియన్ వచ్చాడు, పోయాడు, బోర్డులు అలాగే ఉన్నాయి. వాటికి విడిగా ఎన్నికలు, విడిగా పన్ను. కాలువలో నీళ్ళు ఏ మట్టంలో ఉండాలో సెంటీమీటర్లలో నిర్ణయించి పెట్టుకుంటారు. మా అమ్మాయి ఇంటి వెనకాల కాలవలో గేజి పలక ఉంది, దాని మీద అంకెలన్నీ మైనస్‌లోనే. పశువుల మేతకి మట్టం తక్కువ కావాలని రైతు, పునాది కర్రలు తడిగా ఉండాలని ఇంటివాడు, పక్షుల కోసం నీళ్ళు నిలవాలని ఇంకొకడు, బోర్డు మీటింగులో కూర్చుని వాదించుకుంటారు. మన నీటి సంఘాల మీటింగులకి వెళ్ళినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, వాళ్ళ వాదనలో వేడి ఏమీ తక్కువ లేదు. తేడా ఏమిటంటే ఓటేసినవాడూ పన్ను కట్టేవాడూ ఒకడే.

పునాది కర్రలన్నాను. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఊరంతా బురదలో దిగ్గొట్టిన దుంగల మీదే నిలబడి ఉంది. డామ్ స్క్వేర్‌లో రాజప్రాసాదం కింద 13,659 దుంగలున్నాయని అక్కడి బడిపిల్లలు కూడా చెబుతారు. దుంగ నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం పుచ్చదు, మట్టం తగ్గి గాలి తగిలిందా, పుచ్చుతుంది. కాలవల వెంట ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు కొంచెం పక్కకి ఒరిగి ఉండటానికి కారణం ఈ దుంగలే. లోపల మెట్లు మన అటకకి వేసుకున్న నిచ్చెనంత నిటారు. బీరువా, మంచం ఆ మెట్ల మీద ఎక్కవు. అందుకే ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం, దూలానికి కొక్కెం ఉంటాయి. తాడు కట్టి, సామాను వీధిలోంచి పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు. ఒక పియానో అలా పైకి పోతుంటే మేం కింద నిలబడి చూశాం. మా ఆవిడ అది కిటికీ చేరేదాకా ఊపిరి బిగబట్టింది.

ఆ ఇళ్ళు అందంగా ఉంటాయి, కాదనను. ఏ డబ్బుతో కట్టారు అని కూడా అడగాలి కదా. 1602లో పెట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ లాభాలు ఆ కాలవ గట్లమీద ఇటుకలయ్యాయి. ఆ కంపెనీ మన తీరంలో ముందు దిగింది మచిలీపట్నం. తర్వాత మన గోదావరి జిల్లాల్లోకే వచ్చింది, పాలకొల్లులో, ద్రాక్షారామంలో వర్తకపు కొఠీలు పెట్టింది. మన నేతవాళ్ళు నేసి అద్దకం వేసిన బట్ట ఓడలెక్కి పోయింది. అక్కడి రైక్స్ మ్యూజియంలో కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, అద్దకపు బట్టలున్నాయి. గాజు వెనకాల దీపం మసగ్గా పెట్టారు, రంగు వెలవకుండా. ఎరుపు ఇంకా అలాగే ఉంది. కింద చీటీలో తీరం పేరు ఉంది, శతాబ్దం ఉంది, అద్దినవాడి పేరు ఉండదు. వాడు పేరు రాసుకునే రకమూ కాదు, వీళ్ళు అడిగే రకమూ కాదు.

సైకిళ్ళ గురించి చెప్పకపోతే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళలేదంటారు. డచ్చివాళ్ళు పుట్టుకతోనే సైకిలెక్కి పుడతారన్నట్టు మాట్లాడతారు మనవాళ్ళు. 1950ల్లో, 60ల్లో వాళ్ళూ అందరిలాగే కార్ల మోజులో పడి సైకిల్ని అటకెక్కించారు. కాలవలు పూడ్చి రోడ్లు వేశారు. 1971 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా పోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పత్రికా విలేఖరి "పిల్లల హత్యలు ఆపండి" అని రాశాడు. అదే పేరుతో ఉద్యమం వచ్చింది. తల్లులు, పిల్లలు రోడ్డుకి అడ్డం పడుకున్నారు. 1973 నవంబరులో చమురు కొరత వచ్చి ప్రభుత్వం ఆదివారాలు కార్లు నిషేధిస్తే జనం హైవేల మీద సైకిళ్ళు తొక్కారు, స్కేట్లు కట్టుకుని తిరిగారు. ఆ గొడవల్లోంచి వచ్చింది ఇప్పుడు మనం ఫోటో తీసుకునే ఎర్ర తారు సైకిల్ దారి. ఆ దారిలో పొరపాటున కాలు పెడితే ముందు గంట మోగుతుంది, వెంటనే తిట్టు మోగుతుంది. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పట్టే స్టాండు కట్టారు, మొదటి 24 గంటలు ఉచితం. వానలో ఒక తల్లి వెళ్తోంది, సైకిలు ముందు చెక్కపెట్టె, పెట్టెలో ఇద్దరు పిల్లలు ప్లాస్టిక్ గుడారం కింద కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. ఆవిడ తడిసి ముద్దయిపోతోంది, ముఖంలో విసుగు కూడా లేదు.

వాళ్ళ ఇళ్ళలో సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సాయంత్రం ఆరింటికి భోజనం. మధ్యాహ్నం రొట్టె, చీజు, పిల్లలకైతే రొట్టె మీద వెన్న రాసి చాక్లెట్ పలుకులు చల్లుతారు. పక్కింటికి వెళ్ళాలంటే ముందు రోజు ఖరారు చేసుకోవాలి. కాఫీతో ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేస్తారు. గోదావరి జిల్లాల మర్యాదలు మరిగిన మనకి ఆ మూత చప్పుడు గుండెలో పడుతుంది. (నవ్వులు) పుట్టినరోజు పార్టీలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. పుట్టినరోజు ఆవిడదైనా శుభాకాంక్షలు మొగుడికీ, అమ్మకీ, అక్కడున్న ప్రతి ఒక్కరికీ చెబుతారు. మా ఆవిడ కూడా అందుకుంది, మర్యాదగా థాంక్యూ చెప్పింది.

ఇప్పుడు వియన్నా. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను, నాకు ఆ ఊరంటే అభిమానం.

అక్కడ కాఫీ హోటళ్ళలో పేపర్లు కర్రకి బిగించి వేలాడదీస్తారు. ఒక్క కాఫీ చెప్పి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. చిన్న లోహపు ట్రే తెచ్చి పెడతాడు. ట్రేలో కాఫీ కప్పు, పక్కన గాజు గ్లాసు నిండా మంచినీళ్ళు, గ్లాసు మూతి మీద అడ్డంగా బోర్లించిన చెంచా. కాఫీ సంగతి అటుంచండి, అది డిగ్రీ కాఫీ తాగినవాడికి ఆనదు. నేను ఆ నీళ్ళు తాగాను. నా వృత్తి వల్ల నీళ్ళు నోట్లో పడగానే క్లోరిన్ ఎంత ఉందో నాలుక లెక్క కడుతుంది. అక్కడ లెక్క కట్టడానికి ఏమీ తగల్లేదు. సర్వర్ని అడిగితే "కొళాయి నీళ్ళే, కొండల్లోంచి వస్తాయి" అన్నాడు. ఆ మాటలో వాళ్ళ చర్చిల గురించి చెప్పేటప్పుడు కూడా లేని గర్వం ఉంది.

19వ శతాబ్దం మధ్యలో వియన్నావాళ్ళు తాగింది బావుల నీళ్ళు, డాన్యూబ్ నీళ్ళు. టైఫాయిడ్ ఇంటి చుట్టంలా వస్తూ పోతూ ఉండేది. ఎడ్వర్డ్ సూస్ అని యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర ప్రొఫెసరు, నగర మండలికి ఎన్నికయ్యాడు. దగ్గర్లోని నదిలోంచి తోడుకుందాం అన్నవాళ్ళని కాదని, ఆల్ప్స్ కొండల్లో ఊటల దగ్గరికి పోదాం, అక్కణ్ణుంచి దానంతట అదే పారుతుంది అని పట్టుబట్టాడు. సుమారు 95 కిలోమీటర్లు. ఎక్కడా పంపు లేదు. ఉత్త వాలు. లోయలు వచ్చినచోట రాతి తోరణాల మీద మోసుకొచ్చారు. ఖర్చు చూసి ఎన్నో నోళ్ళు లేచాయి. 1873లో వియన్నాలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా కలరా వచ్చి ఆ నోళ్ళు మూయించింది. అదే ఏడు అక్టోబరు 24న చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ముందు ఊరి నడుమ ఫౌంటెన్ ఎగజిమ్మింది. ఆ ఫౌంటెన్ ష్వార్జెన్‌బర్గ్ చౌక్‌లో ఇప్పటికీ ఎగజిమ్ముతోంది, జనం దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. 1910లో రెండో లైను వేశారు, అది ఇంకా దూరం నుంచి, సుమారు 180 కిలోమీటర్లు. కొండ మీద లైనులో పడ్డ చుక్క వియన్నా చేరేసరికి ఒకటిన్నర రోజు పడుతుంది. దారిలో ఎత్తు ఎక్కువున్నచోట టర్బైన్లు పెట్టి కరెంటు కూడా తీస్తున్నారు. అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఊటలున్న కొండల మీద అడవులు వియన్నా కార్పొరేషన్ సొంత ఆస్తి. చెట్టు కొట్టాలన్నా నీళ్ళ వాళ్ళని అడగాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక చెరువు గర్భంలో లేఅవుటు వేస్తుంటే ఆపడానికి రాసిన ఉత్తరాలు గుర్తొచ్చాయి, వాటికి ఇంకా జవాబు రాలేదు.

ఈ సూస్ గారు మనకి పరాయివాడు కాదు. ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకప్పుడు ఒకే భూభాగం అన్నాడాయన. ఈ దేశాలన్నిటి రాళ్ళలోనూ గ్లోసాప్టెరిస్ అనే ఒకే మొక్క ఆకుల అచ్చులున్నాయి మరి. ఆ భూభాగానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు. మన దేశంలో బొగ్గున్న పొరలకి ఇక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు అప్పటికే గోండుల పేరు మీద గోండ్వానా అని పేరు పెట్టి ఉన్నారు, ఆయన దాన్ని ఖండానికే తొడిగాడు. మన సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా పొరల్లోదే. అంటే వియన్నా కొళాయికి నీళ్ళు తెచ్చిన మనిషి, మన ఆదిలాబాద్ గోండుల పేరుని ప్రపంచ భూగోళం పుస్తకాల్లోకి ఎక్కించిన మనిషి ఒక్కడే. ఆ ఫౌంటెన్ పక్కనే ఒక రాతి బెంచీ మీద కూర్చుని మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఐస్‌క్రీమ్ ఇప్పించండి" అంది.

నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి గానీ ఇంట్లోకి రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. పనివాళ్ళుండే బిల్డింగుల్లో అంతస్తుకి ఒకే కొళాయి, వరండాలో, పోత ఇనుముతో చేసిన తొట్టి మీద. దాన్ని బసేనా అనేవాళ్ళు. ఆడవాళ్ళు బక్కెట్లు పట్టుకుని అక్కడ చేరడం, ఊరి కబుర్లన్నీ అక్కడే పుట్టడం, వంతుల కోసం జుట్లు పట్టుకోవడం, మన వీధి కొళాయి దగ్గర బిందెల భాగోతమే అచ్చంగా. పాత బిల్డింగుల వరండాల్లో ఆ తొట్లు ఇంకా ఉన్నాయి, ఇప్పుడు వాటిలో పూలమొక్కలు పెడుతున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వియన్నా కార్పొరేషన్ సోషలిస్టుల చేతికి వచ్చింది. 1923లో ఇళ్ళ పన్ను వేశారు. పెద్ద బంగళావాడికి మోత మోగేటట్టు, చిన్న అద్దె ఇంటివాడికి నామమాత్రంగా. ఆ డబ్బుతో ఊరంతా కార్పొరేషన్ ఇళ్ళు కట్టారు. ప్రతి ఇంట్లో కొళాయి, ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి. మెట్రో రైలు హైలిగెన్‌స్టాట్ స్టేషన్‌లో దిగి బయటికి రాగానే ఎదురుగా కార్ల్ మార్క్స్ హోఫ్ అని ఒక కట్టడం, పొడవు కిలోమీటరు పైన, 1930లో ప్రారంభించారు, 1,382 ఇళ్ళు. మధ్యలో తోరణాల్లాంటి పెద్ద ద్వారాలు, లోపల తోటలు, చాకిరేవు గదులు, పిల్లల బళ్ళు. 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైన్యం దీని మీద ఫిరంగులు పేల్చింది, అది వేరే చరిత్ర. ఆ కాలం నాటి కార్పొరేషన్ ఇళ్ళ గోడల మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. "ఇళ్ళ పన్ను డబ్బుతో వియన్నా నగరం కట్టినది" అని ఏడాదితో సహా ఉంటుంది. మంత్రి పేరు లేదు, ఫోటో లేదు. ఏ పన్ను డబ్బో రాశారు. నేను ప్రారంభోత్సవ శిలాఫలకాలు ఎన్నో రాయించాను, ఈ పద్ధతి మాత్రం తోచలేదు. ఇప్పటికీ వియన్నాలో సుమారు 2,20,000 ఇళ్ళు కార్పొరేషన్ సొంతం. సొసైటీల ఇళ్ళు కూడా కలుపుకుంటే ఊళ్ళో దాదాపు సగం మంది అలాంటి ఇళ్ళలోనే ఉంటున్నారు.

ట్రాముల్లో గేట్లుండవు, టికెట్టు ఎవరూ అడగరు. "చూశారా, ఎంత నిజాయితీ" అన్నాడు మాతో వచ్చిన ఒకాయన. తర్వాతి స్టాపులో మామూలు బట్టలేసుకున్న ఇద్దరు ఎక్కి కార్డులు తీశారు. పట్టుబడితే వంద యూరోల పైన కట్టాలి. 2012లో ఏడాది పాసు 365 యూరోలు చేశారు, అంటే రోజుకి ఒక యూరో, ఈ మధ్య పెంచారు. ఊళ్ళో ఉన్న కార్ల కంటే ఆ పాసులున్నవాళ్ళే ఎక్కువ. పాసు అంత చవకైనప్పుడు టికెట్టు ఎగ్గొట్టడం లెక్కలు రానివాడు చేసే పని.

జర్మనీకి వస్తే, రైళ్ళు గడియారంలా నడుస్తాయని మన నమ్మకం కదా. జర్మన్ రైల్వే స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారం 2024లో దూరప్రాంతం రైళ్ళలో 62.5 శాతమే వేళకి చేరాయి. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద జమ కట్టకుండా. ఏళ్ళ తరబడి పట్టాల మీద, వంతెనల మీద ఖర్చు వాయిదా వేసుకుంటూ వచ్చారు, ఫలితం అనుభవిస్తున్నారు. మనిషి మారలేదు, పట్టా పాతబడింది. అయితే గంట ఆలస్యమైతే టికెట్టులో పావు వంతు, రెండు గంటలైతే సగం తిరిగిచ్చే నియమం యూరోపియన్ యూనియన్ అంతటా ఉంది. ఇది మన వాళ్ళు అరువు తెచ్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

అక్కడ నీళ్ళ సీసా కొంటే పాతిక సెంట్లు అదనంగా పుచ్చుకుంటారు, ఖాళీ సీసా షాపులో మిషన్‌కి తినిపిస్తే తిరిగిస్తారు. 2003 నుంచి ఈ పద్ధతి. రోడ్ల మీద సీసా కనపడదు. ఎందుకు కనపడదో రాత్రి పూట స్టేషన్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఒక పెద్దాయన, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని ఉన్నాడు, జేబులోంచి చిన్న టార్చి తీసి చెత్తబుట్టలోకి వేసి చూస్తున్నాడు. సీసా దొరికితే సంచిలో వేసుకుంటున్నాడు. పింఛను చాలని ముసలివాళ్ళు చాలామంది ఈ పని చేస్తారట. అందుకే కొంతమంది తాగేసిన సీసాని బుట్టలో పడెయ్యకుండా పక్కన నేల మీద నిలబెట్టి వెళ్తారు, వాళ్ళు చెయ్యి పెట్టి వెతుక్కునే పని లేకుండా. ఆ మర్యాద నాకు నచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆదివారం షాపులన్నీ బంద్. ఆదివారం విశ్రాంతి వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. శనివారం పాలు, పెరుగు తెచ్చుకోనివాడు సోమవారం దాకా నల్ల కాఫీ తాగాల్సిందే.

పారిస్‌లో అందరూ మ్యూజియం అంటే లూవ్ర్‌కి వెళ్తారు. మా ఆవిణ్ణి అక్కడ దింపి నేను మురుగు కాలవల మ్యూజియానికి వెళ్ళాను. (నవ్వులు) నిజంగానే ఉంది, ఆల్మా వంతెన దగ్గర. సొరంగంలో ప్రతి మలుపు దగ్గరా నీలం పలక, దాని మీద పైనున్న వీధి పేరే ఉంటుంది. పైన పారిస్ ఎలా ఉందో కింద అలాగే ఇంకో పారిస్. 19వ శతాబ్దంలో బెల్‌గ్రాండ్ అనే ఇంజనీరు కట్టించింది. పూడిక తియ్యడానికి వాళ్ళు వాడిన పెద్ద గుండ్లు అక్కడ పెట్టారు, మనిషి కంటే ఎత్తు. సొరంగం కంటే కాస్త చిన్న గుండుని లోపలికి వదుల్తారు. వెనక నీళ్ళు ఎగదన్ని, గుండు కింద సందులోంచి జోరుగా దూసుకుపోతూ పూడికని ముందుకి తోసేస్తాయి. మనిషిని దించక్కర్లేదు. మన దగ్గర మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక పోయినవాళ్ళ ఫైళ్ళు చూసినవాణ్ణి, ఆ గుండు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

అంత చేసినా పారిస్‌లో వాననీళ్ళకీ మురుగుకీ ఒకే గొట్టం. పెద్ద వాన పడితే రెండూ కలిసి సేన్ నదిలోకి పొంగుతాయి. 1923లో నదిలో స్నానం నిషేధించారు. ఒలింపిక్స్ పేరు చెప్పి సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టారు. ఆస్టర్లిట్జ్ స్టేషన్ దగ్గర నేల కింద సుమారు 50,000 ఘనపు మీటర్లు పట్టే తొట్టి కట్టారు, వాన పడ్డప్పుడు ఆ నీళ్ళు అక్కడ ఆపి తర్వాత నెమ్మదిగా శుద్ధికి పంపడానికి. 2025 జులైలో మూడు చోట్ల జనాన్ని నదిలో దిగనిచ్చారు, నూట రెండేళ్ళ తర్వాత. గట్టి వాన పడితే ఎర్ర జెండా ఎగరేసి ఆపేస్తారు. 2027లో మనకి గోదావరి పుష్కరాలు. ఘాట్ల టైల్స్ గురించి పేపర్లో రోజూ వస్తోంది. ఊరి నాలాలు నదిలో కలిసే చోట్లు ఎన్ని ఉన్నాయో, వాటి దగ్గర ఏం కడుతున్నారో కూడా ఎవరైనా అడిగితే బాగుణ్ణు. (చప్పట్లు)

పారిస్ నేల మీద మాత్రం అంత ముచ్చటగా ఏమీ లేదు. సిగరెట్ పీకలు, మెట్రో మెట్ల దగ్గర మూత్రం వాసన, వంతెనల కింద వలస వచ్చినవాళ్ళ గుడారాలు. కానీ హోటల్లో కూజాతో కొళాయి నీళ్ళు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి, అది చట్టం. వీధుల్లో ఆకుపచ్చ పోత ఇనుప స్తంభాల్లాంటి మంచినీళ్ళ కొళాయిలున్నాయి. నలుగురు ఆడవాళ్ళు నెత్తిన గోపురం మోస్తుంటారు, మధ్యలోంచి సన్నటి ధార. 1870–71 యుద్ధంలో ముట్టడికి పైపులు పాడై పేదలకి నీళ్ళు కరువైతే రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లీషాయన 1872లో సొంత డబ్బుతో పెట్టించాడు. మన ఊళ్ళో చలివేంద్రం లాంటిదే, ఇనపది కాబట్టి వేసవి అయిపోయాక విప్పెయ్యలేదు.

రోమ్‌లో వీధి కొళాయిలు సుమారు 2,500. పొడుగు ముక్కుతో ఉంటాయి కాబట్టి ముక్కులు అనే పిలుస్తారు. కట్టెయ్యడానికి తిప్పే మర ఉండదు, ధార పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. ముక్కు చివర వేలు పెట్టి మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు విల్లులా పైకి లేస్తాయి, వంగకుండా తాగొచ్చు. మా ఆవిడకి యూరప్ మొత్తంలో నచ్చిన ఇంజనీరింగ్ ఇదొక్కటే. నాకు మటుకు కారిపోయే నీళ్ళు చూస్తే చెయ్యి దురద పెట్టింది. 2017లో కరువొస్తే వాళ్ళకీ అదే దురద పుట్టి కట్టెయ్యడం మొదలుపెట్టారు, ఊళ్ళో పెద్ద గొడవైంది.

ఇక మీరందరూ మొహమాటపడి అడగని విషయం. స్టేషన్లలో మరుగుదొడ్డికి యాభై సెంట్లో, యూరోనో పెట్టాలి, అంటే మన డబ్బులో యాభై నుంచి వంద రూపాయలు. లోపలికి వెళ్తే చెంబు లేదు, మగ్గు లేదు, కాగితం. కొండల్లోంచి 180 కిలోమీటర్లు నీళ్ళు తెచ్చినవాడు చివరి రెండడుగులు తేలేకపోయాడే అని నా బాధ. (నవ్వులు, చప్పట్లు) ఇటలీ చేరాక ప్రాణం లేచొచ్చింది. అక్కడ 1975 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ప్రతి ఇంట్లో ఒక స్నానాల గదిలోనైనా కడుక్కునే తొట్టి విధిగా ఉండాలి. ఉత్తర్వు రాసిన ఆ అధికారికి నా సెల్యూటు.

చీటీలు వచ్చాయి, చూస్తాను. "శాకాహారులకి ఇబ్బందా?" ఇటలీలో లేదు. మిగతా చోట్ల చీజు మీద బతకొచ్చు. మా ఆవిడ ఆవకాయ తీసుకెళ్ళింది, అదే మమ్మల్ని కాపాడింది. "వీసా?" షెంగెన్ వీసాకి 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. అపాయింట్‌మెంటు వేసవికి కావాలంటే చలికాలంలోనే చూసుకోండి.

ఇదొకటి బాగుంది, ఎవరో మా డిపార్టుమెంటు మనిషే రాసుంటారు. "అక్కడ నీళ్ళ బిల్లు ఎలా వేస్తారు?" నెదర్లాండ్స్‌లో మంచినీళ్ళ బిల్లు ఒక కంపెనీ పంపుతుంది, మీటరు చూసి. మురుగు శుద్ధి పన్ను నీటి బోర్డు వేస్తుంది. దీనికి మీటరు లేదు. ఇంట్లో ఒక్కరే ఉంటే ఒక యూనిట్, ఒకరి కంటే ఎక్కువ మంది ఉంటే మూడు యూనిట్లు. ఇద్దరున్నా మూడే, ఎనిమిది మంది ఉన్నా మూడే. ఎందుకలా అని ఆ బోర్డు ఆఫీసులో అడిగాను. ప్రతి ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టించడానికి అయ్యే జీతాల కంటే ఈ పద్ధతే చవక అన్నారు. మా అమ్మాయి వాళ్ళది మూడు యూనిట్ల ఇల్లు. మేమిద్దరం వెళ్ళి వేసవంతా ఉన్నా, రోజూ రెండు పూటలా స్నానం చేసినా ఆ పన్ను పైసా పెరగలేదు. మీటరు బిల్లు మాత్రం పెరిగింది, అది అల్లుడు గారు నాకు చూపించలేదు, అమ్మాయి చెప్పింది.